పాటతో కొలిచిన గుహ

గింజపంథం వాళ్ళ పెద్ద గుండిగ అడుగును నలభై ఏళ్ళుగా ఎవరూ తోమలేదు. పంథానికి మూలపురుషుడైన ఎర్రితాత, నక్షత్రాలు దాటుకుని వచ్చి ఈ పచ్చబండ గ్రహం మీద కాలు పెట్టిన తొలినాడు, అంబలి కాచిన గుండిగ అది. తాత రాజేసిన మంట తాలూకు మసి గనక జనం దానికి దండాలు పెట్టేవారే తప్ప పీచు ముక్క చూపించిన పాపాన పోలేదు. ఆ మసి జానెడు మందాన పేరుకుపోయింది. జానెడంటే మీరు నమ్మరు. పోనీ, బెత్తెడు అనుకోండి.

ఆ బెత్తెడు మసినీ ఒకనాటి ఉదయం తిప్పక్క బొగ్గూ బూడిదా వేసి బరబరా గీకి పారేసింది. భక్తితో కాదు, ఒళ్ళు మండి.

మండదూ మరి! తిప్పక్క పంథానికి విత్తనాల కాపరి. కొర్ర పైరుకు కుంకుమ తెగులు పట్టి వరసగా మూడోసారి నేలపాలైంది. మూడు పైర్లు పోయాయంటే ఆ నేల మనల్ని పొమ్మన్నట్టేనని, మూటాముల్లే సర్దుకుని ఇంకో గ్రహం వెతుక్కోవాలని పంథం కట్టడి. పెద్దలు కబురు పెట్టనే పెట్టారు, ఓడ వచ్చి వాలనే వాలింది. ఐదో నాడు ప్రయాణం. తిప్పక్క కూతురు సుంకులు నిండు గర్భిణి. ఓడ నేల విడిచి లేచేటప్పుడు గుండె మీద ఏనుగు కూర్చున్నంత బరువు పడుతుంది. ఆ బరువుకు తల్లీ బిడ్డా తట్టుకుంటారని చెప్పే ధైర్యం ఊళ్ళో మంత్రసానికే లేదు. తెగులు సోకని గుప్పెడు గింజలు దొరికి, మొలకెత్తి చూపిస్తే తప్ప ప్రయాణం ఆగదు.

అందుకే చేతికి దొరికిన గుండిగ మీద కసి తీర్చుకుంటోంది. మసి రాలింది. మసి కింద ఇత్తడి మెరిసింది. ఇత్తడి మీద ఉలితో చెక్కిన అక్షరాలు!

"కాళ్ళబండ నుంచి జంటకొండ దిక్కుకు ముప్పై చరణాలు. గుహలో ఏడు చరణాలు. ఎడమ గోడలో గూడు. గూటిలో విత్తనం. మా ఆకలికే అందకుండా దాచినాము. మోసిన భుజాలకు దండం."

తిప్పక్క పీచు పారేసి కేక పెట్టింది. "ఒరే మద్దిలేటీ! యాడ సచ్చినావు రా? తొందరగా రా!"

మద్దిలేటి ఆమె మరిది. ఊళ్ళో నడకపాట పాడటంలో వాడిని మించినవాడు లేడు. నడకపాట లేనిదే పంథం వాళ్ళకు దూరం లేదు. కొలిచిన భూమిని ఎవడో ఒకడు అమ్ముకుంటాడని ఎర్రితాత భయపడి టేపులూ గొలుసులూ ముట్టరాదన్నాడు. అప్పటినుంచీ పాడుకుంటూ నడవడమే వాళ్ళ కొలత. ఒక చరణం ముగిసేసరికి ఎంత దూరం నడిస్తే అది ఒక చరణం. వాగుకు నాలుగు చరణాలు, పొలానికి తొమ్మిది, అత్తగారింటికి ఎన్నయినా తక్కువే.

వాళ్ళ వెంట పడ్డ మూడో మనిషి పంథం వాడు కాదు. ఓడ నడిపే దస్తగిరి. గుండిగ చదివి మీసం దువ్వాడు. "నేనూ వస్తానక్కా. విత్తనాలు మీవి. ఉత్త విత్తనాలకు ఇంత గుట్టెందుకు? పక్కన ఇంకేమన్నా ఉంటే అది నాది. సరేనా?"

"ఏమన్నా ఉంటే నెత్తిన పెట్టుకొని పో. ముందు నడువు!" అంది తిప్పక్క.

మర్నాడు అక్కడి రెండు పొద్దుల్లో పెద్దపొద్దు పొడవగానే ముగ్గురూ, తాత తొలిసారి కాలు మోపిన కాళ్ళబండ దగ్గర చెప్పులు విడిచారు. మద్దిలేటి కళ్ళు మూసుకుని గొంతెత్తాడు. అడవి వాళ్ళను మింగేసింది. ఆ అడవిలో గొడుగుచెట్లు ఒక్కొక్కటీ ఊరంత నీడ పరుస్తాయి. వాటి ఆకుల మీద పడ్డ వాన కింద పడటానికి మూడు రోజులు పడుతుందని పంథం వాళ్ళే చెబుతారు. అబద్ధమైతే ఆ పాపం వాళ్ళది. ఊడల మధ్య బుసతీగలు పాముల్లా చీదరించుకుంటూ పక్కకు జరిగాయి. పదిహేడో చరణంలో ఒక బండపంది ఎదురైంది. వీపు మీద రాతిపలకలు, మూతి మీద నాలుగు కొమ్ములు! బుర్రుమని దుమ్ము రేపుకుంటూ వచ్చింది.

"పాట ఆపొద్దు రా! ఆపితే లెక్క పోతాది!" అని అరిచింది తిప్పక్క.

"ప్రాణం పోతాది వదినా!" అన్న మాటను కూడా మద్దిలేటి రాగంలోనే అన్నాడు. ఆ రాగానికి జడిసిందో, జాలిపడిందో, పంది వెనక్కి తిరిగి పొదల్లో దూరింది.

ముప్పయ్యో చరణం ముగిసేసరికి వాళ్ళు జంటకొండను దాటిపోయి బురదగుంటలో నిలబడ్డారు. గుహ ద్వారం చాలా వెనక, కొండ నడుమన నోరు తెరుచుకుని ఉంది.

"తాతకు లెక్క రాదు," అన్నాడు మద్దిలేటి.

"నీకు తాళం రాదు," అంది తిప్పక్క. అంతటితో ఊరుకున్నారు. ఉన్నది ఒక్కటే గుహ, కళ్ళెదుట కనిపిస్తూనే ఉంది.

గుహ ముందు ఎండిపోయిన వాగు. దస్తగిరి ఆకాశం వైపు చూశాడు. చిన్నపొద్దు కూడా చెట్లపైకి ఎక్కుతోంది. "ఓడ దించేటప్పుడు పైనుంచి చూసినా. రెండు పొద్దులూ నడినెత్తికొస్తే కొండమీది మంచు కరిగి ఈ గుహలో నుంచే నీళ్ళు తన్నుకొస్తాయి. మిట్టమధ్యాహ్నం లోగా బయట పడాల. బిరబిరా పదండి!"

దీపాలు ముట్టించి లోపలికి నడిచారు. గబ్బిలాల్లాంటివేవో రెక్కలు టపటపలాడించాయి. మద్దిలేటి కంఠం గోడలకు తగిలి నలుగురు గాయకులై తిరిగి వచ్చింది. ఐదు... ఆరు... ఏడో చరణం చివరి మాటను కళ్ళు మూసుకుని సాగదీస్తూ వాడు వేసిన అడుగు గాలిలో పడింది!

"ఆగు రా!" దస్తగిరి వాడి పంచె అంచు దొరకబుచ్చుకుని వెనక్కి లాగాడు. కాలికింద రాయి జారి అగాధంలోకి దొర్లింది. ఎంతసేపటికో గానీ 'బుడుంగ్' మనలేదు. ఎదురుగా నల్లటి బావిలాంటి గుంట. ఎడమవైపు గోడా లేదు, గూడూ లేదు, చీకటి తప్ప.

మద్దిలేటి పంచె బిగించుకున్నాడు. దస్తగిరి సంచిలోంచి టేపు తీశాడు. "ఇంగ మీ పాటలు చాలించండప్పా. ఒక చరణమంటే ఎన్నడుగులో చెప్పండి. నేను కొలుస్తా."

"అడుగుల్లెక్క మాకు తెలిస్తే పాడేదెందుకు?" అంది తిప్పక్క.

గుంట అడుగున నీళ్ళు గుడగుడలాడుతున్నాయి. తిప్పక్క ఒక రాతి మీద కూలబడింది. కళ్ళముందు సుంకులు, దాని వాచిన పాదాలు. ఎర్రితాతా, ఎక్కడ తప్పినాము? గుండిగ మీది మాటలు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. చరణాలు, గోడ, గూడు, ఆకలి... మోసిన భుజాలకు దండం. మోసిన భుజాలు! తన చేతులు చూసుకుంది. దీపం తప్ప ఏమీ లేదు. తెల్లారినప్పటినుంచీ పెళ్ళికి పోయేవాళ్ళలా చేతులూపుకుంటూ నడిచారు!

లేచి నిలబడి నవ్వడం మొదలుపెట్టింది. "ఓరి నా తెలివి తెల్లారా! వాళ్ళు బరువు మోసినారు రా! బరువుంటే అడుగు చిన్నది, పాట అదే. అందుకే కొండనూ దాటిపోయినాం, గూటినీ దాటిపోయినాం."

"అయితే ఇప్పుడేం మోద్దాం? ఈడ మోసేదానికేముంది?" అన్నాడు మద్దిలేటి.

తిప్పక్క, దస్తగిరి ఇద్దరూ వాడి బొజ్జ వైపు చూశారు.

"వద్దు వదినా! నేను పెద్దమనిషిని!"

"అందుకే రా. దుప్పట్లో పడుకో."

గుహ ద్వారం దగ్గరికి పరుగెత్తి, కొమ్మ నరికి, దస్తగిరి సంచిలోని దుప్పటి కట్టి, మద్దిలేటిని డోలీలో వేశారు. పాట మళ్ళీ మొదలైంది. ఈసారి గాయకుడు వెల్లకిలా పడుకుని, రాజులాగా పాడుతున్నాడు. రెండో చరణానికి దస్తగిరి మెడనరాలు తాళ్ళలా తేలాయి. నాలుగో చరణానికి తిప్పక్క భుజం మార్చుకుంది.

"కొంచెం నిదానంగా పోండి, కుదుపులకు శృతి పోతాంది!"

"నోర్మూసుకొని పాడు!" అన్నారు మోసేవాళ్ళిద్దరూ.

అదెలా సాధ్యమో వాడు ఆలోచించేలోగానే ఏడో చరణం ముగిసింది. ఇందాక నడిచినదాంట్లో సగం దూరం కూడా లేదు. డోలీని దబ్బున వదిలేసి తిప్పక్క ఎడమ గోడను పిడికిలితో కొట్టింది. రాయి. రాయి. రాయి. డొల్ల! దీపం దగ్గర పెట్టి చూస్తే రాతిరంగు గచ్చు మెత్తిన చోట, ఎండిన వేళ్ళ గుర్తులు. నలభై ఏళ్ళ కిందటి అరచేయి! తిప్పక్క ఒక్క క్షణం తన అరచేతిని దానిమీద ఆనించింది. తర్వాత కాలెత్తి తన్నింది.

గోడ కూలింది. లోపల పొడిగాలి, చల్లదనం. పైకప్పుకు నారతాళ్ళతో వేలాడుతున్నాయి పన్నెండు సొరకాయ బుర్రలు, మూతులకు మైనం పోసి! ఒకదాన్ని చెవి దగ్గర ఊపింది. గలగలమంది. తిప్పక్క దాన్ని చంటిబిడ్డలా గుండెకు హత్తుకుంది.

దస్తగిరి మాత్రం కింద ఉన్న ఇనుపపెట్టె మూత లేపాడు. "యా అల్లా!" పెట్టెనిండా బంగారు కడ్డీలు. భూమ్మీది భక్తులు కరిగించి ఇచ్చిన గాజులూ కమ్మలూ. పచ్చబండ మీద దానితో గుప్పెడు కొర్రలు కూడా రావని ఎర్రితాత దాన్ని పెట్టెతో సహా వదిలేసి ఉంటాడు. దస్తగిరి కడ్డీలు నడికట్టులో దోపుకున్నాడు, సంచిలో కుక్కాడు, చంకల్లో ఇరికించుకున్నాడు.

అప్పుడే గుహ గర్జించింది. లోపలి గుంట పొంగి నీళ్ళు గోడల్ని నాకుతూ వచ్చాయి.

"వరదొచ్చె! బుర్రలు దించు! దుప్పటి చించి కట్టు!" తిప్పక్క కత్తితో తాళ్ళు తెంచింది. నాలుగు బుర్రలు మద్దిలేటి చంకల కింద, నాలుగు తన రొమ్ముకు, నాలుగు దస్తగిరికి అందించేలోగా నీళ్ళు ముగ్గుర్నీ ఎత్తి కొట్టాయి. ఈత రాని పిల్లల నడుముకు కట్టేవి సొరబుర్రలే కదా. అవి మునగవు, పట్టుకున్నవాళ్ళను మునగనివ్వవు. మద్దిలేటి బెండులా తేలాడు. తిప్పక్క తేలింది. దస్తగిరి మాత్రం ఒక బుర్ర చేతబట్టుకుని గుండులా మునిగాడు. ఆమె వాడి మణికట్టు దొరకబుచ్చుకుంది. ఆ బరువుకు ఆమె కూడా గడ్డందాకా దిగిపోయింది.

"బంగారం వదులు!"

"వదల్లేనక్కా! జన్మలో ఇంగ దొరకదు!"

"అయితే నా చెయ్యి వదులు. నా రొమ్ము మీద మా ఊరుండాది!"

దస్తగిరి నీళ్ళలోంచి ఆమె ముఖంలోకి చూశాడు. ఆ మనిషి పరాచికాలాడటం లేదు. వాడు చంకలు తెరిచాడు, సంచి విడిచాడు, నడికట్టు ముడి లాగాడు. కడ్డీలు తళుక్కుమంటూ చీకట్లోకి దిగిపోయాయి. వాడు బుస్సుమని పైకి లేచి, ఏడుస్తూ, ఆ ఏడుపులోనే కొట్టుకుపోతున్న ఇంకో బుర్రను వాటేసుకున్నాడు.

వరద ముగ్గుర్నీ గుహ నోట్లోంచి ఉమ్మేసింది. గొడుగుచెట్టు ఊడల్లో చిక్కుకుని, దగ్గుతూ, తుమ్ముతూ లెక్కచూసుకుంటే, రాళ్ళకు తగిలి పగిలినవీ కొట్టుకుపోయినవీ పోగా పన్నెండింటిలో ఐదు బుర్రలు మిగిలాయి.

"నన్ను మోసింది మీరు. అలిసిపోయింది నేను," అన్నాడు మద్దిలేటి. తన్నడానికి ఎవరికీ ఓపిక లేకపోయింది.

ఆ సాయంత్రం తిప్పక్క ఐదు బుర్రల నుంచి ఇరవయ్యేసి గింజలు తీసి, తడిగుడ్డలో మూటగట్టి, ఒంటివేడి తగిలేలా నడుముకు కట్టుకుంది. నలభై ఏళ్ళ గింజ. బతికుందో లేదో. ఒక రోజు, రెండు రోజులు. ఊరు సామాన్లు ఓడకెక్కిస్తూనే ఉంది. ఎవరు ఆపమన్నా పెద్దలు ఆపలేదు. మొలక చూపించు, ఆపుతామన్నారు. ఆమె మూట విప్పలేదు. విప్పితే చల్లారుతుందని ఒక సాకు, చూడాలంటే భయమని అసలు మాట.

ఐదో నాడు ఓడ ఉరుముతోంది. సుంకులును ఇద్దరు ఆడవాళ్ళు చెరో రెక్కా పట్టుకుని మెట్లెక్కిస్తున్నారు. తలుపు దగ్గర దస్తగిరి నిలబడ్డాడు. "అక్కా, యంత్రంలో ఏందో నలత ఉండాది. గంటసేపు లేవదు," అని కేకేశాడు. యంత్రం బంగారంలా ఉందని అందరికీ వినిపిస్తూనే ఉంది.

తిప్పక్క అందరి ఎదుటా మూట విప్పింది. నల్లబడిన గింజలు, నల్లబడిన గింజలు... వాటి నడుమ దారప్పోగులంత తెల్లటి కొనలు. పెద్దాయన వంగి వేలితో లెక్కపెట్టాడు. పంతొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టాడు. ఇరవై ఒకటి. మూడోసారి కన్నీళ్ళు అడ్డమొచ్చి లెక్క తప్పాడు.

"దించండి రా సామాన్లు!" అన్నాడు.

ఊరంతా ఒక్కసారిగా అరిచింది. ఎక్కించినవాళ్ళే తిట్టుకుంటూ దించసాగారు. సుంకులు ఎవరి చేతులూ అందుకోకుండా, పొట్ట పట్టుకుని, ఒక్కో మెట్టే దిగి వచ్చింది. అమ్మ చేతిలోని మొలకల వైపు చూసింది. పక్కనే మెత్తటి మట్టి మీద చతికిలబడి కాళ్ళు బారజాపుకుంది.

"ఇంగ నన్నెవరూ లేపొద్దండి," అంది.