పొద్దుగూకే దాకా

"అప్పుడు మూసుకున్న నోరు ఇప్పుడెందుకే తెరుస్తావు! ఏడవకు! నా ముందు ఏడవకు!"

భర్తను ఆస్పత్రి నుంచి తెచ్చి మంచం మీద పడుకోబెట్టగానే ఆ తల్లి కూతురి మీద విరుచుకుపడింది. అదే ఆఖరి మాట. ఆ తర్వాత కూతురితో మాట్లాడటం మానేసింది.

ఆయన కూరగాయల మార్కెట్లో వేలం వేసే మనిషి. ఆయన గొంతెత్తితే అవతలి వీధిలో బేరాలు ఆగిపోయేవి. ఇంటికొచ్చినా ఆ గొంతు తగ్గేది కాదు. మంచినీళ్ళడిగినా గోడలు అదిరేవి. అలాంటి మనిషికి ఇవాళ కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి పక్కకు లాగేసింది. మాట పోయింది! కళ్ళు మాత్రం పైకప్పు మీద దేన్నో వెతుకుతున్నాయి...

కూతురు కాలేజీలో చదువుతోంది. చిన్నప్పటి నుంచీ దైవభక్తి ఎక్కువ. కాలేజీలో చేరాక వారానికో రోజు పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకే దాకా మాట్లాడనని మొక్కుకుంది. చదువయ్యాక సేవాసదనంలో చేరి, పెళ్ళీ పెటాకులూ లేకుండా బతుకంతా దేవుడికే ఇచ్చేయాలని కోరిక. మౌనం పట్టిన రోజు ఏం కావాలన్నా వెనకనుంచి వచ్చి తల్లి కొంగు లాగేది. దువ్వెన కనపడకపోయినా అంతే, దాహమేసినా అంతే. తల్లికి అదో ముద్దు. "మా పిల్ల ఇవాళ మాట్లాడదండీ" అని పక్కింటావిడకు చెప్పేటప్పుడు ఆమె మొహం చాటంత అయ్యేది.

తండ్రి పడిపోయిన సాయంత్రమూ అలాగే లాగింది! ముందు గదిలో చొక్కా గుండీలు పెట్టుకుంటున్న తండ్రి ఉన్నట్టుండి గోడకానుకుని, మెల్లగా కిందికి ఒరిగిపోయాడు. పిల్ల వంటింట్లోకి పరుగెత్తి కొంగు పట్టుకుంది. "ఉండవే, పాలు పొంగుతున్నాయి" అంది తల్లి, తిరిగి చూడకుండానే. మళ్ళీ లాగింది. "ఉండమన్నానా!" అని కసిరింది. పిల్ల తండ్రి దగ్గరికి పరుగెత్తి అరికాళ్ళు రుద్దింది. మొహం మీద నీళ్ళు చల్లింది. గోడ మీద ఇంకా ఎండ ఉంది... చివరికి ఉండబట్టలేక "అమ్మా!" అని కేక పెట్టింది. అప్పటికే ఆలస్యమైపోయింది. ఇంకాస్త ముందు తెచ్చుంటే మాటైనా దక్కేదన్నాడు డాక్టరు.

తమ్ముణ్ణి చూడ్డానికి వచ్చిన మేనత్త గుమ్మంలోనే మొదలుపెట్టింది. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఇది నోరు మూసుకునే కొంప ముంచింది! అయినా మాట్లాడితే దేవుడికి కోపమెందుకే? ఆయనేమన్నా పరీక్ష హాల్లో కాపలా కూర్చున్నాడా?"

పిల్ల తల దించుకుంది. తల్లి విననట్టే దుప్పటి సర్దింది.

మర్నాడు కాలేజీలో దైవపాఠాలు చెప్పే టీచరమ్మ వచ్చింది. మంచం పక్కన నిలబడి, కళ్ళు మూసుకుని కాసేపు ప్రార్థించింది. ఆ తర్వాత పిల్ల తల నిమిరింది. "ఇది దేవుడు పెట్టిన పరీక్ష తల్లీ. నీ నిష్ఠ చెదరకూడదు. సదనంలో నీ చోటు నీకుంది."

"నా పరీక్ష నాన్నకెందుకు పెట్టాడండీ?"

టీచరమ్మ పిల్ల తల మీంచి చెయ్యి తీసేసింది.

"నాన్న పడిపోయినప్పుడు నాకు దేవుడు గుర్తు రాలేదండీ. గోడ మీద ఎండ చూశాను. ఇంకాస్త ఆగితే పొద్దుగూకుతుంది కదా, వ్రతం చెడకుండా ఉంటుంది కదా అనుకున్నాను. మీరంతా మెచ్చుకోవాలి... అది కావాలి నాకు. నేను నోరు మూసుకున్నది దేవుడి కోసం కాదండీ! ఇంట్లో మనిషికి పలకని దాన్ని, అక్కడికొచ్చి ఎవరికి సేవ చేస్తాను?"

"మరి నీ బతుకేం చేసుకుంటావమ్మా?"

"నాన్న చేత ఒక్క మాట పలికించాలి. ఇప్పటికి నాకు కనబడుతున్నది అదొక్కటే."

టీచరమ్మ వెళ్ళిపోయింది. ఇచ్చిన మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

ఇదంతా విన్న మేనత్తకు కడుపు మంట చల్లారలేదు. "చేతులు కాలాక ఆకులు పట్టుకుందట! ఇప్పుడు ఎన్ని కబుర్లు చెబితే ఏం లాభం? నా తమ్ముడి గొంతు తెచ్చిస్తుందా?"

"చాలు వదినా!"

తల్లి గొంతు విని పిల్ల ఉలిక్కిపడింది.

"అది రెండుసార్లు లాగింది. నేను తిరగలేదు! పాలు పొంగితే ఏమయ్యేది, పొయ్యి తడిసేది, అంతేగా! అదంటే నోరు కట్టేసుకుంది. నాకు నోరుందిగా వదినా... 'ఏమిటే' అని ఒక్క మాట అడగలేకపోయాను! మాట్లాడని పిల్లని చూసుకుని ఊరంతా మురిసిపోతూ తిరిగింది నేనే కదా..."

పిల్ల ఏడుస్తూ వచ్చి చెయ్యి పట్టుకోబోతే తల్లి వెనక్కి లాక్కుంది.

"ముట్టుకోకు. నాకింకా మనసు రావడం లేదు."

పిల్ల మంచం పక్కకు వెళ్ళి కూర్చుంది. వినిపించుకున్నా లేకున్నా ఎడతెగకుండా మాట్లాడుతూ ఉండమన్నాడు డాక్టరు. "నాన్నా, ఇటు చూడు. 'అమ్మా' అను... పోనీ 'అ' అను." పెదవి ఒక పక్కనే కదిలింది. ఏదో గరగర వచ్చింది. తన గొంతు తనకే అసహ్యమేసిందో ఏమో, ఆయన గోడవైపు మొహం తిప్పేసుకున్నాడు. మూసిన రెప్పల కిందినుంచి నీళ్ళు చెవిలోకి జారాయి.

పిల్ల ఆగిపోయింది.

"ఆగావేం?" అంది తల్లి. కూతురి వైపు చూడలేదు.

"నాన్న వినడం లేదమ్మా..."

తల్లి పీట లాక్కుని మంచానికి అవతలి పక్కన కూర్చుంది.

"నువ్వు మాట్లాడు. ఆయన వినకపోతే నేను వింటాను."