రెండో పిడికిలి

శనివారం సాయంత్రం యోబు సంచి పట్టుకుని జక్కయ్య ఇంటి ముందు నిలబడ్డాడు. గౌడవెల్లిలో క్రైస్తవుల ఇళ్లలో ఎసట్లో బియ్యం పోసే ముందు ఆడవాళ్లు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. అది దేవునిది. వారానికోసారి ఆ బియ్యం పోగుచేసి చర్చికి చేర్చే పని యోబుది. మిగతా రోజులు అతను బండి తోలుతాడు.

జక్కయ్య కూతురు రాహేలు కుండ తెచ్చి సంచిలో వంచింది. యోబు సంచి ఎత్తి చూశాడు.

"గింతేనా? వారమంతా వండలేదా ఏంది?"

"రోజూ వండిన. రోజూ తీసిన."

"అయితే నీ పిడికిలి మస్తు చిన్నదన్నట్టు."

"నా పిడికిలి దేవునికి ఎరుకే. నడుమ నీకేం పని?"

"మోసేది నేను గదా."

"మొయ్యలేకుంటే సంచి ఆడ పెట్టి పో. నేనే తెచ్చి ఇస్త."

తలుపు వేసుకుంది. యోబు నవ్వుకుంటూ వెళ్లాడు. తర్వాతి శనివారం ఆ ఇంటికే ముందు వచ్చాడు.

అది 1943. రాహేలు మేడ్చల్ బడిలో ఏడో తరగతి దాకా చదివింది. నర్సు కావాలనుకుంది. ఆమె తల్లి కాన్పు కష్టమై, బండి మేడ్చల్ చేరకముందే దారిలో పోయింది. ఆ బండి తోలింది యోబే.

సికింద్రాబాదులో ఒక ఆసుపత్రి రాహేలును ట్రైనింగుకు తీసుకుంటామంది. మూడేళ్లు హాస్టల్లో ఉండాలి. అప్పటిదాకా పెళ్లి చేసుకోకూడదు. తిండి బియ్యం ఇంటి నుంచే తెచ్చుకోవాలి.

ఆ వారంలోనే యోబు తల్లి ఎలీషమ్మ సంబంధం అడగడానికి వచ్చింది. జక్కయ్య కూతురి వైపు చూశాడు.

"నేను ట్రైనింగుకు పోత, అత్తమ్మా. మూడేండ్లు పెండ్లి మాట ఎత్తొద్దు," అంది రాహేలు.

"అత్తమ్మా అంటున్నవ్, పెండ్లి వద్దంటున్నవ్. ఏది నిజం బిడ్డా?"

రాహేలు పొయ్యిలో కట్టెలు లోపలికి తోసింది.

ఇంటి దగ్గర యోబు ఎద్దులకు నీళ్లు పెడుతున్నాడు.

"ఏమన్నది?"

"మూడేండ్లు వద్దన్నది."

"అంటే వద్దన్నట్టే గదా."

"నీకు లెక్కలు రావు కొడుకా," అని ఎలీషమ్మ లోపలికి పోయింది.

యుద్ధం రోజులు. పండిన ధాన్యంలో లేవీ కింద సర్కారు వాళ్లు కొలుచుకుపోతున్నారు. కూలికి పోయే జక్కయ్యకు నెలనెలా బియ్యం పంపే దారి లేదు. ఆదివారం ఆరాధన అయ్యాక ఎలీషమ్మ లేచి నిలబడింది.

"దేవుని పిడికెడు దేవునికే. ఇంకో పిడికెడు ఈ పిల్లకు తీద్దాం."

"రెండో పిడికిలికి బియ్యం యాడున్నయమ్మా?" అన్నాడు సంఘపెద్ద సాలోమోను.

"వండేది మేము. యాడున్నయో మాకు ఎరుకే."

మాట ఊరంతా పాకింది. జక్కయ్య పక్కింటి ఫాతిమా ఎలీషమ్మను దారిలో ఆపింది. "మా పొయ్యి మీద అన్నం ఉడకదా? నన్నెందుకు అడుగలే?" అని ఆమె కూడా ఒక కుండ పెట్టింది.

సికింద్రాబాదుకు ఎవరు మోస్తారని అడిగినప్పుడు అందరూ యోబు వైపు చూశారు.

నెలకోసారి యోబు గౌడవెల్లి స్టేషనులో రైలెక్కేవాడు. హాస్టల్ గేటు దగ్గర సంచి దించేవాడు. లోపల నుంచి అమ్మాయిలు కేకేసేవాళ్లు.

"రాహేలూ, నీ బియ్యం వచ్చిండు!"

అతను సంచి ఇచ్చి, ఊరి సంగతులు చెప్పి, ఆమె ముఖం చూడకుండానే వెళ్లిపోయేవాడు. వద్దన్న పిల్లను చూడటం మర్యాద కాదని అతని లెక్క.

పదిళ్ల బియ్యం ఒక్కతీరుగా ఉడకవు. కొత్తవి చిమిడిపోతాయి, పాతవి పలుకుగా ఉంటాయి. హాస్టల్లో అమ్మాయిలు వెక్కిరించేవాళ్లు. రాహేలు పళ్లెంలో ఎర్ర మెతుకు చూపించి, "గిది ఫాతిమమ్మది," అనేది.

రెండో ఏడు వానలు ఆలస్యమయ్యాయి. ఆ నెల రాహేలు వండిన అన్నం సమంగా ఉడికింది. ఒక్క మెతుకు చిమడలేదు, ఒక్కటి పలుకుగా లేదు. అమ్మాయిలు మెచ్చుకున్నారు. రాహేలు పళ్లెంలో ఎర్ర మెతుకు కోసం వెతికింది, ఒక్కటీ దొరకలేదు.

తర్వాతి నెల యోబు వచ్చేసరికి వాన మొదలైంది. గొంగడి సంచి మీద కప్పి, తను తడుస్తూ గేటు దగ్గర నిలబడ్డాడు.

"ఈ బియ్యం ఎవరింటివి?" అని అడిగింది రాహేలు.

"అందరివీ."

"పోయిన నెలవి సమంగా ఉడికినయి."

"మంచిగైంది గదా."

"అవి ఒక్క ఇంటివి. మీ ఇంట్ల ఏం తింటున్నరు యోబూ?"

అతను గొంగడి సర్దాడు.

"జొన్న గట్క."

"అత్తమ్మ గూడా?"

"ఆమెకు గట్క ఇష్టం."

"అబద్ధం జెప్పుడు నీకు రాదు."

"ఊర్ల కుండలు ఖాళీ అయినయి. అడిగితే ఆడోళ్లు చిన్నబోతరని అడుగలే. మా మడి జరంత పండింది."

"నేను వాపసు వస్త. మీ అన్నం మీరు తినున్రి."

"రావద్దు." ఆ గేటు దగ్గర యోబు మొదటిసారి ఆమె ముఖం చూశాడు. "మీ అమ్మను తీస్కపోయినట్ల ఇంకొకరిని తీస్కపోవుడు నా తోని గాదు. నువ్వు నేర్సుకొనే రా. నన్ను వద్దన్నా సరే."

"నిన్ను ఎవరు వద్దన్నరు?"

"నువ్వే గదా."

"మూడేండ్లు వద్దన్న. ఎన్నడూ వద్దనలే. మీ అమ్మకు అర్థమైంది, నీకు గాలేదా?"

యోబు ముఖం మీది వాన నీళ్లు తుడుచుకున్నాడు.

"నాకు లెక్కలు రావంట."

రాహేలు నవ్వింది. తర్వాత సంచి వైపు చూసి అంది: "ఊర్ల ఆడోళ్లను అడుగు. బియ్యం లేకుంటే జొన్నలు తియ్యమను. అడుగకుంటేనే చిన్నబోతరు."

యోబు అడిగాడు. ఫాతిమా అతన్ని తిట్టి, మొదటి పిడికెడు జొన్నలు తనే వేసింది. ఆ వానాకాలమంతా హాస్టల్లో అమ్మాయిలు రాహేలుతో కలిసి జొన్నరవ్వ ఉడికించిన గట్క తిన్నారు.

1946లో ట్రైనింగ్ అయిపోయింది. రాహేలుకు శామీర్‌పేట దవాఖానలో ఉద్యోగం ఇచ్చారు. చేరకముందే పెళ్లి జరిగింది. పెళ్లి బియ్యం ఇంటింటి కుండల నుంచి వచ్చాయి.

"అన్నం సమంగా ఉడకలే," అన్నాడు సాలోమోను.

"ఇంకో గంటె వెయ్యాల్నా పెద్దయ్యా?" అంది పెళ్లికూతురు.

వేయించుకున్నాడు.

శామీర్‌పేటలో కాపురం పెట్టిన మొదటి పొద్దున ఎసరు మరిగింది. రాహేలు పిడికెడు బియ్యం తీసి కుండలో వేసింది. ఇంకో పిడికెడు తీసి పక్క కుండలో వేసింది.

"పిడికిలి ఇంకా చిన్నదే," అన్నాడు యోబు. "రెండోది ఎవరికి?"

"యాడనో నా తీరుగ సదువాలనే ఒక పిల్ల ఉంటది. ఎతుకుదాం."

ఎసట్లో బియ్యం పోసి మూత పెట్టింది.

"మోసేది మాత్రం నువ్వే."