తువ్వాల కింద కొన్న వాచీ

గుండ్లకమ్మ ఏరు పొంగి ఊరి కల్వర్టు కొట్టుకుపోయిన ఏడాది అది. వరద తీసింది గానీ బురద వాసన ఇంకా పోలేదు. ఆ పొద్దున రంగయ్య గొర్రెల దొడ్డి కంప తీసి, అరుగు మీద కూర్చుని చద్దన్నం తింటున్నాడు. కోడలు పావని వాకిలి ఊడుస్తోంది. కొడుకు నరేంద్ర వాచీ జేబులో వేసుకుని మార్కాపురం బయలుదేరాడు.

"పట్టీ బిగించుకొస్తా నాయనా. కోటి చెయ్యి సన్నం."

కోటి పావని తమ్ముడు. కువైట్‌లో లారీ తోలుతాడు. అక్కడి యజమాని చేతికున్నలాంటి ఖరీదైన వాచీ తన చేతికీ ఉండాలని ఏళ్లుగా అతని ఆశ. కొత్తది కొనలేడు. ఎవరో వాడినది గిద్దలూరులో అమ్ముతున్నారని ఫోనులో చూసి, దాచుకున్నదంతా బావకు పంపాడు. "దుకాణంలో వెనక మూత తీయించి చూసినాకే డబ్బులియ్యి బావా" అని మాత్రం చెప్పాడు. మర్నాడే ఊరికి వస్తున్నాడు.

తండ్రీ కొడుకులు కిందటి రోజే గిద్దలూరు వెళ్లి వాచీ తెచ్చారు. అక్కడ టీ బంకు దగ్గర అమ్మే మనిషి వాచీ పెట్టె, గ్యారంటీ కార్డు చూపించాడు. నరేంద్ర దుకాణం మాట ఎత్తేలోపే ఆ మనిషి రంగయ్య వైపు తిరిగాడు.

"గొర్రెల బేరాల్లో చెయ్యి తిరిగినట్టుండావు పెద్దనాయనా. మీ పద్ధతిలోనే తేల్చుకుందాం రా."

రంగయ్య ముఖం విప్పారింది. భుజం మీది తువ్వాల తీసి ఇద్దరి చేతులమీదా కప్పాడు. గొర్రెల సంతలో ధర నోటితో చెప్పరు. తువ్వాల కింద వేళ్లు పట్టి చెబుతారు. చెయ్యి నొక్కితే బేరం తెగినట్టే. ఆ తర్వాత సరుకుకు వంక పెట్టేవాణ్ణి మనిషిగా చూడరు.

"ఇంక దుకాణానికి పోదాం" అన్నాడు నరేంద్ర.

"చెయ్యి నొక్కినాక పరీచ్చ ఏందిరా? నలుగుట్లో నా పరువు తీస్తావా?"

నరేంద్ర ఫోనులో డబ్బు పంపేశాడు.

మర్నాడు మధ్యాహ్నం నరేంద్ర మార్కాపురం నుంచి తిరిగొచ్చి, చెప్పులు విడవకుండానే వాచీని మంచం మీద పడేశాడు.

"దుకాణంలో అనుమానమొచ్చి మూత తీసినారు. లోపల నాసిరకం మిషను. కార్డులో నంబరు ఒకటి, దీని మీద ఇంకొకటి. అమ్మినోని ఫోను పోవడంల్యా."

పావని బియ్యం ఏరడం ఆపింది. "మా తమ్ముడు ఎండలో మాడి సంపాయించిన దుడ్డు. వానికేం చెప్పాల?"

"నన్నడుగుతావేంది? మీ మామనడుగు. నాయనా, ఆ అమ్మినోని మొగమన్నా గుర్తుందా నీకు?"

"వేళ్లు గుర్తుండాయి" అన్నాడు రంగయ్య.

"పొట్టేలు కొనేటప్పుడు ముందు పళ్లు చూస్తావు గదా! ఆనక గదా నువ్వు చెయ్యి నొక్కేది! దీనికేం చూసి నొక్కినావు?"

రంగయ్య భుజం మీది తువ్వాల తీసి పక్కన పెట్టాడు.

"నాకు తెలీని సరుకురా అది. తెలీదని చెప్పుకోను సిగ్గయింది. వాడు నన్ను పెద్దమనిషిని చేసినాడు. చెయ్యి నొక్కినా."

నరేంద్ర గొంతు తగ్గించాడు. "కోటికి చెప్పొద్దు. నడుస్తాంది గదా, పెట్టుకోనీ. వానికేం తెలుస్తాది?"

"డూప్లికేటు వాచీ కట్టి వాని మొగం చూసి నవ్వాల్నా నేను?" పావని లేచి నిలబడింది. "అట్లయితే నా పుట్టింటి గడప నేనింక తొక్కను. నువ్వే పోయి కట్టు."

ఆ రాత్రి ఇంట్లో పొయ్యి వెలగలేదు.

మర్నాడు తెల్లవారుతూనే రంగయ్య గొర్రెలను పక్కింటివాళ్లకు అప్పజెప్పి, ఎవరికీ చెప్పకుండా మొదటి బస్సుకు కంభం స్టేషనుకు వెళ్లాడు. కోటి రైలు దిగి నవ్వుతూ ఎదురొచ్చాడు.

"ఏంది మామా, నువ్వొచ్చినావు? బావ రాల్యా? తెచ్చినావా?" అని మణికట్టు చాపాడు.

"అది డూప్లికేటు సరుకు నాయనా. మీ బావ దుకాణంలో చూపిద్దామన్నాడు. నేనే అడ్డం పడినా. మీ అక్క తప్పు ల్యా. మీ బావ తప్పు ల్యా."

కోటి చాపిన చెయ్యి అట్లాగే ఉంది. తర్వాత మెల్లగా దించుకుని బెంచీ మీద కూలబడ్డాడు. రైలు వెళ్లిపోయింది. రంగయ్య ఎదురుగా నిలబడే ఉన్నాడు.

"అక్క తిన్న్యాదా మామా?" అన్నాడు కోటి చివరికి.

"రాత్రి ఎవురూ తిన్ల్యా."

కోటి ముఖం తుడుచుకుని లేచాడు. రంగయ్య వంగి అతని సూట్‌కేసు నెత్తిన పెట్టుకున్నాడు. వద్దు మామా అని కోటి లాగినా ఇవ్వలేదు. కళ్లనీళ్లు కారుతుంటే తుడుచుకోకుండానే బస్సుదాకా మోశాడు.