కోలమ్ గొంతు మాయం

మధ్యాహ్నం రెండుంబావు. డండీ నగరంలో టే నది ఒడ్డున ఉన్న సంగీత మందిరం.

పోయింది నగ కాదు. మనిషీ కాదు. ఒక గొంతు.

"ఎవరి గొంతు?" డిటెక్టివ్ సార్జెంట్ ఎల్స్పెత్ మాథర్ కోటు విప్పకుండానే అడిగింది.

"మా తమ్ముడు కోలమ్‌ది," అంది ఇష్బెల్ రాంకిన్.

నలభై ఏళ్ల కిందట స్కాట్లండ్‌లో ప్రతి వంటింటి రేడియోలోనూ మోగిన 'హెరింగ్ లేన్' బ్యాండ్ గాయని ఆమె. అప్పట్లో ఆమె పాట వస్తుంటే పొయ్యి మీద పాలు పొంగినా ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఇప్పుడామెకి అరవై నాలుగు.

"వాడు గిటారే వాయించేవాడు. పాడింది ఒక్కసారే, డెబ్భైతొమ్మిదిలో, నాతో కలిసి. తొమ్మిదో రోజున మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయాడు. పాట బయటికి రాలేదు. ఉన్నది ఆ ఒక్క టేపే. ఇవాళ ఏడున్నరకి అది వేస్తారు, నేను వాడితో కలిసి పాడాలి. అది దొరక్కపోతే నేను స్టేజీ ఎక్కను."

బల్ల మీద పాత అట్టపెట్టె ఉంది. అందులో ఒక టేపు చక్రం.

"ఇది మీది కాదా?"

"కాదు. మా చక్రం మీద వాడు గుండుసూదితో చేపబొమ్మ గీశాడు. ఆ బొమ్మ ఒకసారి తడుముదామని మూత తీస్తే, లేదు."

పదకొండు నుంచి రెండు వరకు ఆ గదిలోకి వచ్చినవాళ్లు ముగ్గురే. మేనేజర్ ఊనా హాల్డేన్. డ్రమ్ములు వాయించే డుగాల్డ్ పిరీ. రికార్డింగ్ ఇంజనీర్ ఫెర్గస్ లారిమర్. ఫెర్గస్‌కి డెబ్భై ఒకటి. టేపును నలభై ఏళ్లు ఇంట్లో దాచి, ఆ ఉదయమే తెచ్చినవాడు.

"పిరీ గారూ, పన్నెండూ నలభైకి ఇక్కడ మీరొక్కరే ఉన్నారట?"

"ఉన్నాను. మాంసం కూరి కాల్చిన బ్రిడీ రొట్టె తింటున్నాను. అది నేరమైతే సగం డండీ జైల్లో ఉండాలమ్మాయ్."

"ఈ టేపు వేయడం మీకిష్టం లేదట?"

"లేదు. నేను బతికున్నవాళ్లకి వాయిస్తాను. చచ్చినవాడు తాళం తప్పితే ఎవర్ని తిట్టాలి?"

"సిగ్గుందా ముసలాడా! నువ్వే తీశావ్!" ఊనా అరిచింది.

"నువ్వు నోరుముయ్. ఫోను చెవికి అంటుకుపోయిన మనిషివి, నీకేం కనపడుతుంది?"

ఎల్స్పెత్ మూడోవాడి వైపు తిరిగింది. "మీరు?"

"పెట్టె ఇక్కడ పెట్టి స్టేజీ మీదికి పోయాను. వైర్లు చూసుకోవాలిగా," అన్నాడు ఫెర్గస్. అతని టీ మీద మీగడ కట్టింది.

ఆమె సామాన్ల గది వెతికింది. అలమరలో ఆరు ఖాళీ టేపులు. ఏడోది ఉండాల్సిన చోట దుమ్ములో గుండ్రటి మచ్చ. టేపు మొదట్లో తెల్ల పట్టీ, చివర ఎర్ర పట్టీ అతికించడం ఇక్కడి పద్ధతి. ఆరింటికీ తెల్ల పట్టీయే బయటికుంది. పెట్టెలో దొరికినదానికి మాత్రం ఎర్రది.

మూడుంబావు. ఎల్స్పెత్ ముగ్గురికీ తలొక చిన్న టేపు ఇచ్చింది.

"మెషీన్ మీద చివరిదాకా నడిపి డబ్బాలో పెట్టండి."

ఊనా టేపును నూడుల్స్ చేసింది. డుగాల్డ్ నడిపాడు, తిరిగి మొదటికి చుట్టాడు, పెట్టాడు. ఫెర్గస్ నడిపాడు. తిరిగి చుట్టకుండానే డబ్బాలో పెట్టాడు.

మూత వేస్తుంటే అతని చెయ్యి ఆగిపోయింది. ఎర్ర పట్టీ బయటికుంది.

"దొంగ ఆ ఖాళీ టేపును ఒకసారి పూర్తిగా నడిపాడు," అంది ఎల్స్పెత్. "నిజంగా ఖాళీదేనా అని. పాత పాటేదో వినపడితే కొంప మునుగుతుంది కదా. నడిపాక మామూలు మనిషి వెనక్కి చుడతాడు. స్టూడియోలో పనిచేసినవాడు చుట్టడు. చుట్టి దాస్తే శబ్దం పక్క పొరకి అంటుకుని, అసలు పాటకంటే ముందే పలచగా వినపడుతుంది. కొస బయటికుంటే తర్వాత వినపడుతుంది, ఎవరూ పట్టించుకోరు. మా నాన్న రేడియోలో పనిచేశాడు లెండి. ఎందుకు చేశారు ఫెర్గస్?"

ఫెర్గస్ డబ్బాని బల్ల మీద పెట్టి ఇష్బెల్ వైపు తిరిగాడు.

"అప్పట్లో కొత్త టేపు దొరకడం గగనం. పాతదాని మీదే మళ్లీ రికార్డు చేసేవాళ్లం. పోయిన వారం వేసి చూస్తే... అకార్డియన్. ఎవరిదో డాన్సు బ్యాండు రిహార్సలు. నా చేత్తో నేనే చెరిపేశాను ఇష్బెల్. ఖాళీది వినిపిస్తే కాలం తినేసిందనుకుంటావని..."

ఇష్బెల్ అట్టపెట్టె మూత వేసేసింది.

"చివరిదాకా విన్నారా?" అడిగింది ఎల్స్పెత్.

"మొదటి మోతకే ఆపేశాను. వినలేకపోయాను."

"తీయండి."

అతని సంచిలోంచి చేపబొమ్మ చక్రం వచ్చింది. మెషీన్ తిరిగింది. మూడు నిమిషాల పది సెకన్లు అకార్డియన్. ఎవరూ కూర్చోలేదు. తర్వాత టక్కుమని ఒక చప్పుడు, రిహార్సలు రికార్డు అక్కడితో ఆగింది.

ఆపైన ఒక కుర్రవాడి గొంతు. పాట ఆఖరి చరణం, వణుకుతూ. తర్వాత నవ్వు. "అక్కా, మళ్లీ తొందరపడ్డావ్. ఇంకోసారి తీద్దాం."

పద్నాలుగు సెకన్లు. అంతే.

ఇష్బెల్ చక్రం మీది చేపబొమ్మని వేలితో తడిమింది.

"అబద్ధం," అంది. "తొందరపడింది వాడే."

"కేసు పెట్టమంటారా?" ఎల్స్పెత్ అడిగింది.

ఇష్బెల్ ఫెర్గస్‌ని చూసింది. అతను తలెత్తలేదు.

"ఇతన్ని తీసుకుపోతే ఏడున్నరకి అది ఎవరు వేస్తారు? ముందంతా నేను పాడతాను. ఆఖరి చరణం వాడిది." ఆమె డ్రమ్ముల వైపు తిరిగింది. "డుగాల్డ్, వాడు తాళం తప్పితే నన్ను తిట్టుకో."