పిడుగు బాబాయి ఎక్కడున్నా రావాలి

“ఒక మనవి. పార్కులో ఒక బాబాయి తప్పిపోయారు.”

స్తంభాలకు కట్టిన లౌడ్‌స్పీకర్లలోంచి ఆడగొంతు వినిపించగానే, ఎండుటాకులు ఏరుకుంటున్న పిల్లలూ, వాళ్ళ వెనక సంచులు మోస్తున్న తల్లిదండ్రులూ తలలెత్తారు.

“మనిషి పొడుగు. నీలం చొక్కా. కొంచెం పొట్ట. నడినెత్తిన జుట్టు పలచబడుతోంది, ఆ సంగతి ఆయనకింకా తెలియదు. జోకులు వేస్తారు, నవ్వు రాదు. ఇలాంటి మనిషి మీ పక్కన ఉంటే దయచేసి చెప్పండి. వాళ్ళ పిడుగు తప్పిపోయిన పిల్లల గదిలో క్షేమంగా ఉంది. పిడుగు బాబాయి ఎక్కడున్నా రావాలి.”

ఆ బాబాయి అప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని, జారుడుబల్ల కింద వెతుకుతున్నాడు. వెతికిన చోటే మళ్ళీ వెతుకుతూ, తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కేశాడు. ‘క్షేమంగా’ అన్న మాట చెవిన పడేసరికి అక్కడే చతికిలబడ్డాడు. తర్వాత చెయ్యి దానంతటదే నడినెత్తి మీదికి వెళ్ళింది.

అతను లిఫ్టు మెకానిక్కు. ఒక మరను బిగించాక మళ్ళీ బిగించి, ఇంకోసారి తడిమి చూసుకునే రకం. అతని అన్నకు బేకరీ ఉంది, ఆదివారమే గిరాకీ. వదిన నర్సు, ఆమెకు ఆదివారమే డ్యూటీ. అందుకని వాళ్ళ కూతురికి ఆదివారం పూట దిక్కు బాబాయే. కిటికీ తెరిస్తే ఎదుటివాళ్ళ కిటికీ కనిపించే ఇళ్ళలో ఉండేవాళ్ళు గనుక, ఆ ఊళ్ళో పిల్లలున్న వాళ్ళంతా సెలవు రోజున పార్కుకు చేరేవారు. పార్కువాళ్ళు కూడా కాలానికి తగ్గ ఆటలు పెట్టేవారు. ఆకులు రాలే రోజుల్లో ఆకుల మీద కాగితం పరిచి రంగులు రుద్దించడం, చలికాలంలో పిట్టల్ని చూపించడం, చలి పోయాక మొక్కలు నాటించడం.

గదిలో పిడుగు కాళ్ళూపుకుంటూ కుర్చీలో కూర్చుని ఉంది. మైకు ముందున్న అమ్మాయి అతన్ని ఎగాదిగా చూసింది.

“పాప మీ తాలూకేనా?”

“మా అన్నయ్య కూతురండీ.”

“ఏమ్మా, ఈయనేనా?”

పిడుగు తీరిగ్గా పరిశీలించింది. “చొక్కా అదే. పొట్ట కూడా అదే.”

“ఒక జోకు వెయ్యండి” అంది ఆమె, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

“ఇప్పుడు జోకులెక్కడ వస్తాయండీ? గుండె గొంతులోకి వచ్చి కూర్చుంటే!”

“నవ్వు రాలేదు. ఈయనే. తీసుకెళ్ళండి.” ఆమె పాప చెయ్యి అతనికి అందించింది. “పిల్లల్ని తీసుకొచ్చాక కళ్ళు పిల్లల మీద పెట్టాలి. నెత్తిమీద కాదు.”

“నెత్తిమీద ఉంటే జుట్టు సంగతి నాకు ముందే తెలిసేది కదండీ!”

ఆమె చటుక్కున కిటికీ వైపు తిరిగింది. నవ్వాపుకోవడానికే తిరిగిందో, విసుగుతో తిరిగిందో తెలియక అతను దారంతా ఆలోచించాడు.

తర్వాతి ఆదివారం పిడుగు తనంతట తనే ఆ గదికి వచ్చింది. ఈసారి పాప వెనకాల బాబాయి కూడా ఉన్నాడు. ఇద్దరికీ మధ్య తాడు ఉంది.

మైకు అమ్మాయి కళ్ళు పెద్దవి చేసింది. “ఇదేమిటి? పిల్లా, దూడా?”

“సేఫ్టీ బెల్టండీ. మేం పై అంతస్తుల్లో పనిచేసేటప్పుడు కట్టుకుంటాం. నన్నే పడకుండా ఆపుతుంది, పిడుగెంత?”

“రెండో కొస ఎక్కడుంది?”

“నా నడుముకి.”

“మరి ఇక్కడికి మీరెందుకొచ్చారు?”

“నేను రాలేదండీ. పాప లాక్కొచ్చింది.”

ఆమె లేచి వచ్చి ముడి విప్పబోయింది. లిఫ్టువాళ్ళ ముడి అంత తేలిగ్గా ఊడదు. కాసేపు పెనుగులాడి, చివరికి అతన్నే విప్పమంది. “కట్టేయడం వేరు, కనిపెట్టి ఉండటం వేరు. తేడా తెలుసా మీకు?”

తెలుసని తలూపాడు. నిజానికి అప్పుడతను ఆమె నుదుటి మీద పడ్డ జుట్టు గురించి తప్ప వేరే దేని గురించీ ఆలోచించే స్థితిలో లేడు.

చలికాలం వచ్చింది. పిట్టల్ని చూడటానికి పిల్లలంతా వరసగా నిలబడ్డారు. వరసలోంచి పిడుగు మెల్లగా జారుకోవడం అతను చూశాడు. కేక వెయ్యబోయి ఆగాడు. కొంచెం ఎడంగా వెనకాలే నడిచాడు. పిల్ల అటూ ఇటూ చూడకుండా తిన్నగా వెళ్ళి ఆ గది తలుపు తోసింది.

అతను కూడా లోపలికి వెళ్ళి పిల్లను తెచ్చుకోవలసిందే. కానీ కాళ్ళు గది ఎదురుగా ఉన్న ఐస్‌క్రీం బండి దగ్గర ఆగిపోయాయి. బండి వెనక నక్కి నిలబడ్డాడు. ఒక మంచి మనిషి చేత దేవుడు ఇలాంటి వెర్రి పనులు ఎందుకు చేయిస్తాడో మనకెలా తెలుస్తుంది?

“పిడుగు బాబాయి మళ్ళీ తప్పిపోయారు” అంది మైకు. “గోధుమరంగు స్వెట్టరు. పిట్టను చూపించమంటే కొమ్మను చూపిస్తారు. కోపం వచ్చినా కేకలు వెయ్యరు. నవ్వితే బాగుంటారు.”

ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో నెమ్మదిగా అడిగాడు. “ఏమే, నేను నవ్వితే బాగుంటానని చెప్పావా?”

“లేదే! పళ్ళన్నీ బయటికొస్తాయని చెప్పాను.”

అతనికి చలి పోయి ఉక్కపోసింది.

“అసలు నువ్వక్కడికి ఎందుకు పారిపోతావ్?”

“మైకక్క నేను చెప్పింది వింటుంది. మళ్ళీ ఊరందరికీ చెప్తుంది. ఇంట్లో అయితే అమ్మ ‘తర్వాత’ అంటుంది. నాన్న ‘ఊఁ’ అంటాడు.”

“మరి నేను?”

“నువ్వు వింటావులే. కానీ నీ మాట ఎవరు వింటారు?”

అప్పటినుంచి ఆదివారాలన్నీ ఒకే తీరుగా నడిచాయి. పిడుగు వెళ్ళేది, అతను వెనకాలే వెళ్ళేవాడు, బండి చాటున నిలబడి తన గురించి తాను విని, ఆయాసం నటిస్తూ గదిలోకి పరుగెత్తేవాడు. ఒక్కసారీ పిల్ల అతని కళ్ళు దాటిపోలేదు. కాకపోతే ఆ సంగతి తెలియవలసిన మనిషికి తెలియదు. ఆమె మాటల్లో చనువు పెరుగుతున్న కొద్దీ చూపులో నమ్మకం తగ్గుతోంది.

ఒకరోజు అననే అంది. “ఏమనుకోకండి. మీరు సరదా మనిషే. కానీ మా పిల్లిని మీకప్పగించి పక్కవీధికి వెళ్ళాలన్నా నాకు భయమే.”

ఆ మాట గుచ్చుకుంది. ఆమెను చూడటానికి అతనికి తెలిసిన దారి ఒక్కటే, ఆ దారిలో అడుగు వేసినకొద్దీ ఆమె దృష్టిలో దిగజారిపోతున్నాడు. వచ్చేవారం నిజం చెప్పేద్దామనుకున్నాడు. మాటలు కూడా కూడబలుక్కున్నాడు.

కానీ పిడుగు ముందే చెప్పేసింది.

ఆరోజు మొక్కలు నాటే పండగలా ఉంది పార్కంతా. ఆకాశం మబ్బు పట్టింది. బండి చాటున నిలబడి అతను ధైర్యం కూడగట్టుకుంటుండగా మైకు మోగింది. “పిడుగు బాబాయి ఎక్కడున్నా...” ఇంతలో లౌడ్‌స్పీకర్లో పసివాడి ఏడుపు, వెంటనే పిడుగు గొంతు వినిపించాయి.

“అక్కా, ముందు ఈ తమ్ముడి సంగతి చెప్పు. వీడు నిజంగా తప్పిపోయాడు. మా బాబాయి ఎక్కడికీ పోలేదు, ఐస్‌క్రీం బండి వెనకాలే ఉన్నాడు. ఎప్పుడూ అక్కడే ఉంటాడు, నీ గొంతు వినడానికి!”

మొక్కలు వదిలేసి మట్టిచేతులతోనే జనమంతా ఐస్‌క్రీం బండి వైపు తిరిగారు.

“వెళ్ళు నాయనా” అన్నాడు బండివాడు జాలిగా. “నా బండి ఎంతని దాస్తుంది నిన్ను? పొట్ట ఎప్పుడూ బయటే ఉంటుంది.”

అతను గదిలోకి వెళ్ళేసరికి మైకు అమ్మాయి ముఖం ఎర్రబడి ఉంది. ఆమె ఒళ్ళో మాటలు కూడా సరిగా రాని పిల్లవాడు వెక్కుతున్నాడు.

“ఈ గది మీకు ఆటగా ఉందా? వీడొచ్చి కూర్చుంటే, వీణ్ణి పక్కన పెట్టి మీ చొక్కా రంగు చెప్తున్నాను నేను! వాళ్ళమ్మ ఎక్కడ గుండెలు బాదుకుంటోందో!”

“తప్పు నాదేనండీ. వాళ్ళమ్మ గురించి ఇప్పుడు చెప్పారా మైకులో?”

“చెప్పాను. ఎవరూ రావట్లేదు.”

“అయితే పడవల వైపు ఉండి ఉంటుంది. అక్కడికి మీ మైకు వినిపించదు. గాలికి సగం మాటలే వస్తాయి.”

“మీకెలా తెలుసు?”

“పోయినవారం అక్కడ నిలబడి చూశాను. మీ గొంతు ఎంతదూరం వస్తుందో అని.”

ఆమె పిల్లవాడి ఎర్రటోపీ అతని చేతిలో పెట్టింది. “నిలబడతారేం? వెళ్ళండి!”

బయట వాన మొదలైంది. జనం చెట్ల కిందికి, షెడ్లలోకి పరుగెడుతుంటే అతను ఎదురుగా పరుగెత్తాడు, టోపీ పైకెత్తి చూపించుకుంటూ. పడవల దగ్గర ఒకావిడ పాదరక్షలైనా లేకుండా నీళ్ళలోకి చూస్తూ అరుస్తోంది. టోపీని చూడగానే పరుగున వచ్చి దాన్ని లాక్కుంది.

“ఉన్నాడమ్మా, బాగున్నాడు. ఏడుస్తున్నాడంతే. రండి.”

ఆవిడ కొడుకును గుండెకు అదుముకుని ఏడుస్తున్నంతసేపూ అతను గుమ్మం బయటే, వానలోనే నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. మైకు అమ్మాయి పిడుగును తెచ్చి అప్పగించి, తన గొడుగు పిల్ల చేతికిచ్చింది.

“వచ్చే ఆదివారం పాపని తీసుకురాకండి” అంది. అంతే.

ఆరాత్రి భోజనాల దగ్గర అతను గిన్నెలో గరిటె పెట్టి అలాగే కూర్చున్నాడు. వదిన వచ్చి ఎదురుగా కూర్చుంది.

“ఏం మరిదిగారూ, మా వార్డంతా మీ కథే! ఐస్‌క్రీం బండి బాబాయి ఎవరో తెలుసా అని నన్నే అడుగుతున్నారు. తెలియదన్నాను, పరువు దక్కించుకుందామని.”

“నవ్వకు వదినా. అంతా అయిపోయింది. రావద్దంది.”

“ఏమందో సరిగ్గా చెప్పు.”

“పాపని తీసుకురావద్దంది.”

“నిన్ను?”

అతను గరిటె వదిలేశాడు. “నన్ను... ఏమీ అనలేదు.”

“ఊరి లిఫ్టులన్నీ బాగుచేస్తావు గానీ, తలుపు తెరుచుకుంటే ఎక్కడం మాత్రం తెలియదు నీకు!”

“మరి నేనో?” అంది పిడుగు. “మైకక్క దగ్గరికి నేను వెళ్ళొద్దా?”

“ఈ ఒక్కసారికి మీ బాబాయిని ఒంటరిగా పోనీ తల్లీ. అన్నట్టు అక్కా అనడం తగ్గించు. పిన్నీ అనాల్సొస్తే నోరు తిరగదు.” నవ్వుతూనే కూతుర్ని ఒళ్ళోకి తీసుకుంది. “ఇప్పుడు చెప్పు, నాకు ఏమేం చెప్పాలని దాచుకున్నావో. ‘తర్వాత’ అననులే.”

ఆదివారం సాయంత్రం పార్కు ఖాళీ అవుతుండగా అతను వెళ్ళాడు. ఆమె మైకుకు గుడ్డ కప్పుతోంది.

“పాప ఏది?”

“మీరు వద్దన్నారుగా.”

“పోన్లెండి, ఒక్క మాటైనా విన్నారు.”

కూడబలుక్కున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. మిగిలినవే చెప్పాడు. “మొదటిరోజు నిజంగానే తప్పిపోయిందండీ. ఆ భయం ఇప్పటికీ దిగలేదు. తర్వాత ఒక్కరోజు కూడా దాన్ని విడిచిపెట్టలేదు. మీ దగ్గరికి తిన్నగా రావడానికే ధైర్యం చాలలేదు. మీరు పిలిస్తే రావడం తేలిక. ఎవరూ పిలవకుండా వచ్చి చెప్పడం కష్టం. ఇవాళ ఎవరూ పిలవలేదు. మీరంటే నాకు ఇష్టం. ఆ పసివాడి విషయంలో మీరు తిట్టింది న్యాయమే. ఆ తిట్లు అలాగే ఉంచుకుని, దీనికి జవాబు వేరేగా చెప్పండి.”

ఆమె గుడ్డ మడతలు సరిచేసింది.

“తిట్లలో సగం నాకే తగలాలి” అంది. “ఒక మనిషిని పిలవడానికి నాలుగు మాటలు చాలు. మీ విషయంలో నేనే సాగదీసేదాన్ని.”

“నవ్వితే బాగుంటారని...”

“అది పాప చెప్పింది.”

“పాప చెప్పలేదట.”

“అయితే పాపకి మతిమరుపు.” ఈసారి ఆమె కిటికీ వైపు తిరగలేదు.

గుమ్మంలో గొడుగు మూసిన చప్పుడైంది. మైకు అమ్మాయిని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చిన వాళ్ళమ్మ అక్కడ నిలబడి ఉంది. ఎంతసేపై నిలబడిందో!

“ఐస్‌క్రీం బండి అబ్బాయి ఇతనేనా?” అంది. అతని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. “పొట్ట నువ్వు చెప్పినంత లేదే.”

“అమ్మా!”

“ఉండవే, నన్ను అడగనీ. చూడు నాయనా, వారం వారం పిల్లని పోగొట్టుకునే మనిషని ఊరంతా విన్నారు. అలాంటివాడికి మా పిల్లని ఏ ధైర్యంతో ఇవ్వమంటావ్?”

అతను నోరు తెరిచేలోగా పక్కనుంచి జవాబు వచ్చింది, మైకు లేకుండా, గదిలో ముగ్గురికి మాత్రమే వినిపించేంత మెల్లగా.

“పోగొట్టుకోడమ్మా. వెనకాలే ఉంటాడు.”