తిప్పని పళ్ళెం

బఫే భోజనానికి ఒక పూట ముందునుంచే కడుపు మాడ్చుకున్నవాణ్ణి తెలివైనవాడని ఎవరైనా అంటారా? మెల్చోర్ అన్నాడు. "ఖాళీ కడుపుతో వెళ్తేనే పెట్టిన డబ్బు గిడుతుంది రా నెస్తోర్" అని వాడు చెప్తే నేను నమ్మాను. వాడు మాత్రం పొద్దున్నే రెండు గుడ్లు తిని వచ్చాడని తర్వాత తెలిసింది.

మా ఇలోయిలో ఊళ్ళో నది పక్కనున్న ఆ హోటల్లో మంగళవారం మధ్యాహ్నం బఫే చవక. నలుగురు కలిసి వెళ్తే ఇంకా చవక. మేం నలుగురం: నేను, మెల్చోర్, వాడి చెల్లెలు తెస్సీ, మారిదెల్.

నేనూ మెల్చోరూ ఫ్లెక్సీలు కొట్టే షాపులో పనిచేస్తాం. మారిదెల్ మా పక్క బేకరీలో బ్రెడ్డు చేసేది. ఇప్పుడు ఆమెకి విదేశీ యాత్రికుల ఓడలో బేకరు ఉద్యోగం వచ్చింది. ఆ సాయంత్రం ఏడింటికి మనీలా వెళ్ళే ఓడ ఎక్కాలి, అక్కణ్ణుంచి తొమ్మిది నెలలు సముద్రం మీదే. ఈ భోజనం ఆమెకి మేమిచ్చే వీడ్కోలు.

ఊళ్ళో ఎవడు ఎవరికి "నన్ను పెళ్ళి చేసుకుంటావా" అని ఫ్లెక్సీ కట్టాలన్నా నా దగ్గరికే వస్తాడు. గుండె బొమ్మ ఎంత పెద్దది ఉండాలో, పేరు ఏ రంగులో రాయాలో నేనే చెప్తాను. నా సంగతికొచ్చేసరికి మాత్రం నోరు పెగలదు. మారిదెల్ మీద మనసు పడి రెండేళ్ళయింది. రోజూ పక్క షాపుకి వెళ్ళి అక్కర్లేని బన్నులు కొనుక్కొచ్చి, నాలుగు కిలోలు పెరిగాను తప్ప ఒక్క మాట చెప్పలేదు.

ఇవాళ చెప్పకపోతే ఇక చెప్పేది లేదు. చివర్లో తీపి తినే వేళకి చెప్పెయ్యాలని గట్టిగా అనుకున్నాను.

"ముందు పంది వేపుడు, తర్వాత రొయ్యలు. అన్నం జోలికి మాత్రం పోకు. అన్నం తింటే మునిగిపోయినట్టే" అని మెల్చోర్ తలుపు దగ్గరే హెచ్చరించాడు.

లోపల అడుగు పెట్టగానే వెల్లుల్లి వేసి వేయించిన అన్నం వాసన కొట్టింది. ఆ తర్వాత ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తులేదు. తెలివొచ్చేసరికి రెండు పళ్ళేల అన్నం లోపలికి వెళ్ళిపోయింది, బెల్టు ఒక రంధ్రం వదులైంది.

మారిదెల్ ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆమె చేతిలో పళ్ళెం నిండా రొయ్యలు.

"ఏంటి, ఇంతదూరం వచ్చి అన్నం తింటున్నావా? మీ ఇంట్లో వండరా?"

"అన్నం లేకపోతే తిన్నట్టుండదు కదా."

"మరి రొయ్యలు?"

"వాటి దగ్గరికే వద్దామనుకుంటున్నా."

"నువ్వు అనుకుంటూ ఉండు. ఈలోగా ఇంకెవరో తీసుకుపోతారు."

తెస్సీ ఫక్కున నవ్వింది. "రొయ్యల గురించేనా మీరు మాట్లాడుకునేది? ఒరేయ్ అన్నయ్యా, మనం సూప్ దగ్గరికి పోదాం పద. ఇక్కడ మనకేం పని?"

"సూప్ తాగేశాను కదే" అన్నాడు మెల్చోర్. వాడికి అంతకుమించి బుర్ర లేదు. తెస్సీ కాలు తొక్కితే గానీ లేవలేదు.

ఇద్దరమే మిగిలాం. కిటికీ బయట సన్నగా వాన మొదలైంది. మారిదెల్ ఒక రొయ్య పొట్టు వలిచి నా పళ్ళెంలో పెట్టింది. నా జన్మలో నాకు ఎవరూ రొయ్య వలిచి పెట్టలేదు. తిన్నాను. రెండోదీ పెట్టింది. అదీ తిన్నాను. మూడోదానికి ఊపిరాడ్డం మానేసింది.

ఇదే సమయం అనుకుని గొంతు సవరించుకున్నాను.

"మారిదెల్, నీతో ఒక మాట..."

ఎక్కిళ్ళు మొదలయ్యాయి.

ఆమె నీళ్ళిచ్చింది. నేను తాగాను. ఎక్కిళ్ళు తగ్గలేదు. "ఊపిరి బిగబట్టు" అంది. బిగబట్టాను. ఆమె నా మొహంలోకే చూస్తూ అంకెలు లెక్కపెడుతోంది. ఇరవై దగ్గర ఎక్కిళ్ళు ఆగాయి గానీ, ఏం చెప్పాలనుకున్నానో అదీ ఆగిపోయింది.

"ఏదో మాటన్నావు?"

"ఐస్‌క్రీమ్ తెచ్చుకుందామా అని."

ఆమె ఒక్క క్షణం నన్నలాగే చూసి, "సరే" అని లేచి వెళ్ళింది. నన్ను నేను చెప్పు తీసుకుని కొట్టుకోవాల్సింది. దానికి వంగాలి, వంగే పరిస్థితి లేదు. అంతలో వెయిటర్ వచ్చి "అయిపోయిందా సార్?" అన్నాడు. "అయిపోయింది" అన్నాను. నా పళ్ళెం తీసుకుపోయాడు.

అన్నాచెల్లెళ్ళు తిరిగి వచ్చి కూర్చున్నారు. మారిదెల్ ఐస్‌క్రీమ్ తెచ్చిందో లేదో, ఫోన్ మోగింది.

"మనోంగ్, ఏమైంది?" ఫోన్లో ఆమె అన్న రెనే. మేమందరం ఆయన్ని మనోంగ్, అంటే పెద్దన్న, అనే పిలుస్తాం. వింటూంటే ఆమె మొహం మారింది. "వాన ముదురుతోందని ఓడ మూడింటికే తీసేస్తున్నారట. పెట్టె వేసుకుని మనోంగ్ కింద బండితో ఉన్నాడు. నేను వెళ్ళాలి."

అందర్నీ గబగబా కౌగలించుకుంది. నన్ను కౌగలించుకున్నప్పుడు నేను మళ్ళీ ఎక్కిళ్ళు రాకుండా ఊపిరి బిగబట్టాను. ఆ కౌగిలిలో నేను చేసిన ఘనకార్యం అదొక్కటే.

భోజనం మధ్యలో ఎవరైనా లేచి ప్రయాణం కడితే, మిగిలినవాళ్ళు ఆ మనిషి కళ్ళముందే తమ తమ పళ్ళేలు ఒక చుట్టు తిప్పాలి. తిప్పకపోతే పోయేవాళ్ళకి దారిలో కీడు. మా ఊళ్ళో డాక్టర్లు కూడా తిప్పుతారు. తెస్సీ తన పళ్ళెం తిప్పింది. మెల్చోర్ ఎముకలు కిందపడకుండా జాగ్రత్తగా తిప్పాడు. తర్వాత ముగ్గురూ నా ముందుకి చూశారు.

నా ముందు బల్లగుడ్డ తప్ప ఏమీ లేదు.

మారిదెల్ నవ్వు సగంలో ఆగింది. "పర్లేదులే" అని బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

"తొమ్మిది నెలలు సముద్రం మీద ఉండే పిల్ల!" తెస్సీ నా భుజం పట్టి కుదిపింది. "దానికేమైనా అయితే?"

"దిష్టిబొమ్మలా చూస్తావేంట్రా? లే!" అన్నాడు మెల్చోర్.

లేచాను. బఫే దగ్గర పేర్చిన దొంతరలోంచి ఒక పళ్ళెం లాక్కుని పరిగెత్తాను. తలుపు దగ్గర గార్డు "సార్! ప్లేటు! సార్!" అంటూ గొడుగుతో సహా నా వెనకపడ్డాడు.

దాన్ని పరుగనడం నా గొప్ప. అన్నం ఒకవైపు, నేనొకవైపు ఊగుతూ వానలో వెళ్ళాం. దారినపోయే ఒకావిడ "అయ్యో పాపం, ఆకలేమో" అంది. కూడలిలో ఎర్ర లైటు పడబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ బండి నాకు దొరికేది కాదు. మనోంగ్ రెనే మోటారుసైకిల్ మీద, పక్కన తగిలించిన తొట్టిలో మారిదెల్, పైన కట్టిన పెట్టె.

నేను వెళ్ళి వాళ్ళ ముందు నిలబడి పళ్ళెం తిప్పాను. ఒక చుట్టు చాలు. భయంకొద్దీ మూడు తిప్పాను.

"ఏంట్రా ఇది?" అన్నాడు మనోంగ్.

"పళ్ళెం... మనోంగ్... ఇందాక తిప్పలేదు..."

మారిదెల్ ప్లాస్టిక్ తెర పక్కకి జరిపి తల బయటపెట్టింది. "దీనికోసమా పరిగెత్తుకొచ్చావు?"

"కాదు."

"మరి?"

"నువ్వంటే నాకు ఇష్టం. రెండేళ్ళనుంచి. ఇన్నాళ్ళూ భయం అడ్డమొచ్చింది, ఇవాళ అన్నం అడ్డమొచ్చింది. నువ్వు వెళ్ళు, నేను ఆపను. కానీ క్షేమంగా తిరిగి రా. నీకేమన్నా అయితే నేను బతకలేను."

గార్డు రొప్పుతూ వచ్చాడు. పళ్ళెం లాక్కుందామని చెయ్యి చాచినవాడు మాటలు విని ఆగి, గొడుగు నా తలమీద పట్టాడు. ఆకుపచ్చ లైటు పడింది. వెనక జీప్నీ బస్సులు హారన్లు కొడుతున్నాయి.

"ఏదో ఒకటి తొందరగా చెప్పవే" అన్నాడు మనోంగ్. "వెనకవాళ్ళు నన్ను తిడుతున్నారు."

మారిదెల్ కళ్ళు తుడుచుకుంది. "నేనెప్పుడైనా వద్దన్నానా? అడిగితే కదా!" అని నా మీద విరుచుకుపడింది. "ఈ తారీఖు గుర్తు పెట్టుకో. నెలనెలా ఇదే రోజు నువ్వు నాకు ఫోన్ చెయ్యాలి. మర్చిపోయావో, ఓడ దిగి వచ్చి మరీ కొడతా."

"ఇవాళ తారీఖెంత?" అన్నాను కంగారుగా.

"పదిహేడు సార్" అన్నాడు గార్డు. "ఇప్పుడైనా ప్లేటు ఇస్తారా?"

ఇచ్చేశాను.

"ఎక్కు, రేవుదాకా వద్దువుగాని" అన్నాడు మనోంగ్. నేను ఆయన వెనక కూర్చోగానే బండి ఒక పక్కకి ఒరిగింది. ఆయన వెనక్కి చూడకుండానే అన్నాడు. "ఆదివారం మా ఇంటికి భోజనానికి రా. అమ్మ నిన్ను చూడాలి. కడుపునిండా పెడుతుంది."

ఆ పూట భోజనం మాటెత్తితేనే నా కడుపులో తిప్పింది. వస్తానన్నాను. ప్లాస్టిక్ తెర సందులోంచి మారిదెల్ చెయ్యి బయటికొచ్చి నా తడిచొక్కా అంచు పట్టుకుంది. రేవు వచ్చేదాకా వదల్లేదు.