అది ఆ బ్యాంకు కాదు నాన్నా

ఇమాం హుస్సేన్ యార్డుకు బయల్దేరుతూ చెప్పుల్లో కాళ్ళు పెట్టాడో లేదో, లోపల గదిలో ఫోను మోగింది. కూతురు నజ్మీన్ పరుగున వెళ్ళి ఎత్తింది. "సరే సార్... థాంక్యూ సార్..." అంది. ఫోను పెట్టేసి అక్కడే కూలబడింది.

గుంటూరు మిర్చి యార్డులో ఓ ఎగుమతి వ్యాపారి తరఫున సరుకు చూసి కొనే మనిషి హుస్సేన్. కాయ చేతిలోకి తీసుకుంటే చాలు, దాని రంగూ ఘాటూ చెప్పేస్తాడని పేరు. ఆ పేరే కొంప ముంచింది. తెలియని విషయాల్లోనూ తన మాటే చెల్లాలనేవాడు.

2005లో నజ్మీన్‌కు కలకత్తాలో పెద్ద మేనేజ్‌మెంట్ కాలేజీలో సీటొచ్చింది. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో చేరతానంది పిల్ల. "బ్యాంకు ఉద్యోగానికి అంత దూరం దేనికే? మన నాగూర్ వలి కొడుకు ఇక్కడే చదివి, పరీక్ష రాసి క్యాషియర్ కాలేదా?" అన్నాడు హుస్సేన్. అది ఆ బ్యాంకు కాదు నాన్నా, కంపెనీల అమ్మకాలూ కొనుగోళ్ళూ దగ్గరుండి జరిపించే సంస్థ అని ఆ పిల్ల ఎంత మొత్తుకున్నా వింటేగా! తల్లి ఖాదర్‌బీ కూడా మొగుడికే వంత పాడింది. చివరికి హైవే పక్కన కొత్తగా పెట్టిన కాలేజీలో చేర్పించారు. ఆ రెండేళ్ళ చదువూ ఈ నెలతో అయిపోయింది.

"ఎవరే ఫోను?" హుస్సేన్ లోపలికొచ్చాడు.

"నేను అప్లికేషన్ పంపిన బొంబాయి బ్యాంకువాళ్ళు. నా మార్కులు కూడా చూళ్ళేదంట నాన్నా. మేం నాలుగైదు కాలేజీలకే వెళ్తాం, మీది అందులో లేదమ్మా అన్నారు."

"మనిషిని చూడకుండా ఎట్టా కాదంటారు? పరీక్ష పెట్టమను, నువ్వు ఫస్టు రాకపోతే నన్నడుగు!"

"పరీక్షే లేదు నాన్నా! వేసవిలో ఆ కాలేజీల పిల్లల్నే పిలిచి పని నేర్పుతారు, వాళ్ళనే తీసుకుంటారు. ఈ కాలేజీలో చేరిన రోజే నా పని అయిపోయింది."

"ఛీ, మనుషులేనా వాళ్ళు?"

నజ్మీన్ అదోలా నవ్వింది.

"నువ్వేం చేస్తావు నాన్నా? రైతు ఊరి పేరు చెప్పగానే, ఆ ఊరి కాయ మాకొద్దని బస్తా విప్పకుండానే వెళ్ళిపోతావుగా?"

నిన్ననే ఒక ముసలి రైతు "ఒక్క కాయ చూడండయ్యా" అని చెయ్యి పట్టుకుంటే, విదిలించుకుని వచ్చేశాడు హుస్సేన్. ఆ రైతు ముఖం కూడా గుర్తు లేదు.

"మళ్ళీ పరీక్ష రాయకూడదా తల్లీ, ఆ కలకత్తాకి?" అన్నాడు.

"వచ్చిన సీటు వదిలేశాం. మళ్ళీ వస్తుందని ఏంటి నమ్మకం? నాకింక ఓపిక లేదు నాన్నా."

అంతలో పక్కింటి నాగూర్ వలి గుమ్మంలోకి వచ్చాడు. "ఏం బావా, పాపకి కాలేజీవాళ్ళే బ్యాంకులో ఉద్యోగం ఇప్పించారంటగా! మిఠాయి ఏదీ?"

ఇప్పించారు, నిజమే. బ్యాంకు బయట బల్ల వేసుకుని క్రెడిట్ కార్డులు అంటగట్టే పని.

"అది ఆ బ్యాంకు కాదు బావా," అన్నాడు హుస్సేన్. "నా బిడ్డ అడిగింది వేరే. చెబితే నాకు ఎక్కలేదు. నా చేతులారా నేనే చెడగొట్టాను." అంత మనిషీ గుమ్మంలోనే కూలబడి భోరుమన్నాడు.

రెండేళ్ళుగా నజ్మీన్ ఆ మాట కోసమే కాచుకుని ఉంది. తీరా విన్నాక ఏ సంతోషమూ కలగలేదు. వచ్చి తండ్రి పక్కన కూర్చుంది.

"ఊరుకో నాన్నా, ఊరుకో," అంటూ తనూ వెక్కి వెక్కి ఏడ్చింది.